రైటప్‌ను వేలితో మూసి ఫొటో చూడండి: వార్తా చిత్రాన్ని ప్రశ్నించడం నేర్చుకునే పద్ధతి

2018 వేసవిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఫొటో ఒకటి దేశమంతా తిరిగింది. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన వేలాడదీసినట్టు మర్రి కొమ్మలకు వరసగా సీసాలు కట్టారు. వాటి నుంచి సన్నటి గొట్టాలు చెట్టు ఒంట్లోకి దిగుతున్నాయి. అది నా ఫోన్‌కు వచ్చినప్పుడు ఎవరో కంప్యూటర్‌లో తయారుచేశారని కొట్టిపారేశాను. తర్వాత తెలిసింది, ఫొటో నూటికి నూరుపాళ్లు నిజం. చెదలు తినేస్తున్న ఆ వందల ఏళ్ల చెట్టును బతికించడానికి అధికారులు నిజంగానే అలా సీసాలు కట్టించారు.

ఫొటోను నమ్మినవాళ్లలో చాలామంది కూడా పొరపాటే పడ్డారు. కింద రాసిన 'చెట్టుకు సెలైన్' అన్న మాట చదివి, చెట్టుకు బలం ఎక్కిస్తున్నారని అనుకున్నారు. ఆ సీసాల్లో ఉన్నది సెలైన్ కాదు, నీళ్లలో పలచగా కలిపిన క్లోర్‌పైరిఫాస్. అంటే చెదల మందు. నిజమైన ఫొటోను నేను అబద్ధమన్నాను, నిజమైన ఫొటో నుంచి వాళ్లు తప్పు అర్థం తీశారు. ఈ రెండు పొరపాట్లూ జరగకుండా చూడటం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను నల్లగొండ జిల్లాలో పన్నెండేళ్లు మండల విలేకరిగా పనిచేశాను. ఇప్పుడు ఆదివారాలు మా ఊరి గ్రంథాలయంలో పదో తరగతి, ఇంటర్ పిల్లలతో పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటాను. కింద చెప్పేదంతా అక్కడ చేసి చూసిందే. మీకు కావలసినవి వారం రోజుల పేపర్లు, ఒక నోటుపుస్తకం, ఒక ఫోన్.

మొదటి పని: రైటప్ మూసేయండి

పేపర్లో ఫొటో కింద రాసే రెండు మూడు లైన్లను మా పనిలో రైటప్ అంటాం. ముందు దాన్ని బొటనవేలితో మూసేయండి. హెడ్డింగ్ మీద ఇంకో కాగితం పెట్టండి. ఇక ఫొటో ఒక్కటే మిగలాలి. రెండు నిమిషాలు దాన్నే చూడండి. గడియారం పెట్టుకుని చూస్తే తెలుస్తుంది, రెండు నిమిషాలు ఎంత ఎక్కువసేపో. మనం మామూలుగా ఒక ఫొటోకు రెండు సెకన్లు కూడా ఇవ్వం.

నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత కొట్టి, ఎడమవైపు 'కనిపించేది', కుడివైపు 'నేను అనుకునేది' అని రాయండి. ఒకసారి పిల్లలకు ఇచ్చిన ఫొటోలో ఒకామె బోరింగు పక్కన నేల మీద కూర్చుని ఉంది, తల మీద చేయి, ముందు నాలుగు బిందెలు. పదకొండు మందిలో తొమ్మిది మంది ఎడమవైపు వరుసలోనే 'నీళ్ల కోసం ఏడుస్తున్న తల్లి' అని రాశారు. కన్నీళ్లు కనిపిస్తున్నాయా అని అడిగాను. లేవు. తల్లి అని ఎలా తెలిసింది? తెలియదు. బిందెలు ఖాళీవా? రెండింటి మీద మూతలున్నాయి కాబట్టి చెప్పలేం. ఎండ కళ్లలో పడుతుంటే కూడా మనిషి నుదుటి మీద చేయి పెట్టుకుంటుంది కదా అని ఒక అమ్మాయి అంది. అప్పుడు అందరూ మళ్లీ చూశారు. ఆమె నీడ ముఖానికి వెనకవైపు పడుతోంది, అంటే ఎండ నిజంగానే ముఖం మీదే ఉంది. బోరింగు దగ్గర నేల తడిగా ఉంది. కుడి అంచున ఇంకెవరివో రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.

ఆమెకు నీళ్ల కష్టం లేదని మేం తేల్చలేదు. ఉండే ఉంటుంది, ఆ మండలంలో ఆ వేసవి సంగతి నాకు తెలుసు. ఆ ఫొటో మాత్రం ఆ మాట చెప్పలేదు. మనమే చెప్పి, ఫొటో చెప్పిందనుకున్నాం.

చూడటానికి ఒక వరస పెట్టుకుంటే మంచిది. ముందు నాలుగు మూలలు, తర్వాత అంచులు, తర్వాత వెనక ఉన్నవి, చివరికి మధ్యలో మనిషి. కన్ను సహజంగా ముఖం మీదికే పోతుంది. అది అక్కడ అతుక్కోకముందే మిగతావి చూసేయాలి. అంచుల్లో తెగిపోయిన చేతులు, మైకులు, కెమెరాలు చాలా సంగతులు చెబుతాయి.

రెండో పని: రైటప్‌లో మాటల్ని విడదీయండి

ఇప్పుడు వేలు తీయండి. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది కెమెరాకు కనిపించేదా, ఎవరో చెబితే తెలిసేదా అని అడగండి. 'నాగార్జునసాగర్ కుడి కాలువ గట్టుపై ఆగ్రహంతో బైఠాయించిన రైతులు' అని ఉందనుకోండి. బైఠాయింపు కనిపిస్తుంది. గట్టు కనిపిస్తుంది, కానీ అది ఏ కాలువదో కనిపించదు. ఆగ్రహం రాసినవాడి మాట. వాళ్లు రైతులా, కార్యకర్తలా అన్నది విలేకరి విచారించి రాశాడా, ఫోన్‌లో విని రాశాడా అన్నదాని మీద ఆధారపడుతుంది.

చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. 'ఫైల్' అని ఉంటే ఆ ఫొటో ఇవాళ్టిది కాదు. 'ప్రతీకాత్మక చిత్రం' అంటే ఆ సంఘటనది అసలే కాదు. ఫొటో ఎవరు తీశారో పేరుందా? ఈమధ్య నాయకుల పర్యటన ఫొటోలు చాలావరకు వాళ్ల సొంత మనుషులే తీసి, విలేకరుల వాట్సాప్ గ్రూపుల్లో వేస్తున్నారు. అవి అబద్ధాలని కాదు. కానీ ఖాళీ కుర్చీల ఫొటోను ఆ గ్రూపులో ఎవరూ వేయరు.

పొరపాటు చిన్న పేపర్లకే పరిమితం కాదు. కేంద్ర హోంశాఖ 2016-17 వార్షిక నివేదికలో మన సరిహద్దు ఫ్లడ్‌లైట్లంటూ వేసిన ఫొటో స్పెయిన్, మొరాకో సరిహద్దుది. 2019 ఆగస్టులో అమెజాన్ అడవులు తగలబడుతున్నప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ట్విట్టర్‌లో పెట్టిన ఫొటో లారెన్ మెకింటైర్ తీసింది, ఆయన 2003లోనే చనిపోయాడు. అడవి కాలుతున్న మాట నిజమే, ఫొటో ఆ మంటలది కాదు.

మూడో పని: కెమెరా ఎక్కడ నిలబడిందో కనుక్కోండి

దీన్ని చదివి తెలుసుకోవడం కన్నా చేసి చూడటం మేలు. ఇంటి ముందు పది ప్లాస్టిక్ కుర్చీలు వేయండి, ఒకదానికొకటి రెండడుగుల దూరంలో, ఒకే వరుసలో. వరుస చివర నాలుగడుగుల దూరంలో నిలబడి జూమ్ లేకుండా ఒక ఫొటో తీయండి. తర్వాత వీధి చివరికి వెళ్లి, జూమ్ చేసి అదే వరుసను తీయండి. మొదటి ఫొటోలో కుర్చీల మధ్య ఖాళీలు బాగా కనిపిస్తాయి. రెండోదాంట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంటాయి. కోవిడ్ మొదలైన 2020లో డెన్మార్క్‌లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఇదే పని మనుషులతో చేసి చూపించారు. ఒకే చోట, ఒకే జనం. ఒక ఫొటోలో అందరూ దూరం పాటిస్తున్నారు, ఇంకోదాంట్లో కిక్కిరిసిపోయారు. రెండిట్లోనూ ఏ మార్పూ చేయలేదు.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ధర్నాలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముప్పై మంది బ్యానర్ పట్టుకుని దగ్గర దగ్గరగా నిలబడితే, ఫొటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూర్చుని బ్యానర్ నిండుగా వచ్చేలా తీస్తే, వెనక ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. అదే ధర్నాను పక్క బిల్డింగ్ పైనుంచి తీస్తే, ముప్పై మంది చుట్టూ ఖాళీ రోడ్డు కనిపిస్తుంది. అందుకే జనం సంఖ్య గురించిన ఫొటోలో మొదట చూడాల్సింది కెమెరా ఎత్తు. తలల వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించకపోతే కెమెరా కిందే ఉందన్నమాట. ఆ ఫొటోతో జనాన్ని లెక్కపెట్టలేం.

క్రాపింగ్, అంటే ఫొటో అంచులు కత్తిరించడం, సంగతి ఇంతకన్నా సులువు. ఒక ఫొటో మీద రెండు తెల్లకాగితాలు ఎల్ ఆకారంలో కత్తిరించి పెట్టి, ఫ్రేమ్‌ను చిన్నది చేస్తూ, పెద్దది చేస్తూ చూడండి. కథ ఎక్కడ మారుతోందో మీకే తెలుస్తుంది.

నాలుగో పని: ఈ క్షణానికి ముందు ఏం జరిగింది?

ఇది నన్ను చాలాకాలం వేధించిన విషయం. ఒక యాసంగిలో అకాల వాన పడి, వడ్లు కొనే ఐకేపీ కేంద్రంలో కుప్పలు తడిశాయి. వార్త కోసం నేను, పేపర్ పంపిన ఫొటోగ్రాఫర్ మరుసటి రోజు మధ్యాహ్నం వెళ్లాం. అప్పటికే ఎండ వచ్చింది, కుప్పల మీద పట్టాలు తీసేశారు. ఫొటోగ్రాఫర్ ఒక పెద్దమనిషిని పిలిచి, "పెద్దాయనా, జర కుప్ప ముందు కూసో. వడ్లు దోసిట్ల పట్టుకో. ఇటు చూడకు, వడ్ల దిక్కు చూడు" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. దోసిట్లో మొలకొచ్చిన గింజలు. కూర్చున్నాక మెల్లగా అన్నాడు: "నిన్న పొద్దుగాల వస్తే సూపెడుదును గద బిడ్డా. వడ్లు నీళ్లళ్ల తేలుకుంట పోయినయ్."

మర్నాడు జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది: 'తడిసిన ధాన్యాన్ని చూసి కన్నీరుమున్నీరవుతున్న రైతు'. నష్టం నిజం. మొలకలు నిజం. ఆయన కూర్చోవడం మాత్రం మేం చెప్పి చేయించింది, కన్నీరు రైటప్‌లోనే ఉంది. ఆ రోజు నేను అభ్యంతరం చెప్పలేదు. ఆయన్ను నిలబడి మాట్లాడనిచ్చి, నిన్న నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వేలితో చూపిస్తుండగా తీసి ఉంటే, అది ఆయన చెప్పిన ఫొటో అయ్యేది.

ఈ అలవాటు చాలా పాతది. 1855లో క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ ఒకే లోయను ఒకే చోటు నుంచి రెండుసార్లు తీశాడు. ఒకదాంట్లో ఫిరంగి గుళ్లు రోడ్డు పక్కన పడి ఉన్నాయి, ఇంకోదాంట్లో రోడ్డు నిండా ఉన్నాయి. ఫొటో కోసం వాటిని రోడ్డు మీదికి తెచ్చారనే వాదన బలంగా ఉంది.

చెప్పి చేయించిన ఫొటోను గుర్తుపట్టడానికి కొన్ని గుర్తులున్నాయి. బాధలో ఉన్న మనిషి సరిగ్గా కెమెరాకు ఎదురుగా, ఫ్రేమ్ మధ్యలో, మంచి వెలుతురులో కూర్చుని ఉంటాడు. చేతిలో వస్తువును కెమెరాకు కనిపించేలా వంచి పట్టుకుంటాడు. వెనక ఉన్నవాళ్లు అతన్ని కాకుండా కెమెరాను చూస్తుంటారు. ఈ మూడూ కలిస్తే అనుమానించవచ్చు. ఒక్కటే ఉంటే తొందరపడకండి, ఫొటోగ్రాఫర్ ఓపికగా కాచుకుని కూడా అలాంటిది తీసి ఉండవచ్చు.

ఐదో పని: ఊరు, తేదీ సరిచూడండి

మన ప్రాంతం వాళ్లకు ఇక్కడ పెద్ద సౌలభ్యం ఉంది. దూరంనుంచి చూసేవాళ్లకు తెలియని గుర్తులు మనకు తెలుసు.

వానాకాలం వస్తే డ్యామ్ గేట్లు ఎత్తిన ఫొటోలు వస్తాయి, పాతవి కొత్తవి కలిసిపోయి. గేట్లు లెక్కపెట్టండి. నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు, శ్రీశైలానికి 12, పులిచింతలకు 24, తుంగభద్రకు 33. ఫ్రేమ్‌లో వరసగా పన్నెండుకు మించి గేట్లు కనిపిస్తే అది శ్రీశైలం కానే కాదు. తక్కువ కనిపిస్తే మాత్రం ఏమీ తేల్చలేం, మిగతావి ఫ్రేమ్ బయట ఉండవచ్చు. అప్పుడు పక్కన ఏముందో చూడండి. శ్రీశైలానికి రెండువైపులా నిలువు కొండలు, సాగర్‌కు పొడవాటి మట్టికట్టలు.

బండి నంబర్లు తేదీ చెబుతాయి. టీఎస్ నంబర్లు 2014 జూన్ తర్వాతివి, టీజీ నంబర్లు 2024 మార్చి తర్వాతివి. రోడ్డు మీద ఒక్క టీజీ బండి ఉన్నా ఆ ఫొటో అంతకుముందుది కాదు. దీన్ని తిరగేసి వాడకూడదు. ఏపీ 24 నంబరున్న పాత నల్లగొండ బండ్లు, ఏపీ 22 నంబరున్న పాలమూరు బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి, ఆ నంబరు కనిపించగానే ఫొటో పాతదనలేం. బోర్డులు కూడా అంతే ఉపయోగం. పాత ఉమ్మడి జిల్లాలు విడిపోయింది 2016 అక్టోబరులో, నారాయణపేట జిల్లా వచ్చింది 2019 ఫిబ్రవరిలో. 'నారాయణపేట జిల్లా' అన్న బోర్డు 2015 ఫొటోలో ఉండే వీల్లేదు.

పంటను చూడండి. ఏప్రిల్ వార్తకు చేను నిండా పత్తి పగిలిన ఫొటో ఉంటే ఆగి అడగాలి.

నీడ మరో గుర్తు. మన ప్రాంతంలో మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే పడుతుంది. డిసెంబరు చివర్లో అదే మధ్యాహ్నం నీడ ఉత్తరంగా సాగి, ఐదున్నర అడుగుల మనిషికి నాలుగున్నర అడుగులు దాటుతుంది. 'మే నెల మిట్టమధ్యాహ్నం' అన్న ఫొటోలో పొడవాటి నీడలుంటే నెలైనా తప్పు, వేళైనా తప్పు. అయితే నీడ ఒక్కదాన్నే పట్టుకుని ఫొటో నకిలీ అనకండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడటం మనవాళ్లు తరాలుగా చూస్తున్నారు. స్తంభాల సందుల్లోంచి వెలుతురు ఒకటికి మించిన వైపుల నుంచి లోపలికి రావడం వల్ల అలా కనిపిస్తుంది. తెల్లగోడ పక్కన, రేకుల షెడ్డు కింద, ఫ్లాష్ వాడినప్పుడు నీడలు వింతగా పడటం మామూలే.

ఇవన్నీ చూశాక ఫోన్ తీయండి. గూగుల్ లెన్స్‌లో ఫొటో పెట్టి వెతకండి. మొత్తం ఫొటోతో దొరకకపోతే అందులో ప్రత్యేకంగా ఉన్న ముక్కను, అంటే ఒక బోర్డునో గోపురాన్నో, కత్తిరించి వెతకండి. టిన్ఐ (TinEye) అనే సైటులో పాతవాటిని ముందు చూపించమని అడగవచ్చు. మనకు కావలసింది అన్నిటికన్నా పాత కాపీ. నిన్న జరిగిందన్న ఫొటో మూడేళ్ల కిందటి వార్తలో దొరికితే పని అయిపోయినట్టే. దొరకకపోతే కొత్తదని అర్థం కాదు, నెట్‌లో ముందు లేదని మాత్రమే అర్థం. వీడియో అయితే ఆపి స్క్రీన్‌షాట్ తీసి అదే పని చేయండి.

ఫొటో తీసినవాళ్లు తెలిసినవాళ్లైతే, వాట్సాప్‌లో దాన్ని డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. మామూలుగా పంపితే తీసిన తేదీ, సమయం వంటి వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

ఆరో పని: మార్చారా, పుట్టించారా?

2003లో ఇరాక్ యుద్ధం ఫొటోల్లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయాన్ వాల్‌స్కీ రెండింటిని కలిపి ఒకటిగా చేశాడు. వెనక కూర్చున్న జనంలో కొందరు రెండుసార్లు కనిపించడంతో దొరికిపోయాడు, ఉద్యోగం పోయింది. ఇప్పటికీ ఆ పద్ధతి పనికొస్తుంది. జనంలో ఒకే ముఖం, పొగలో ఒకే సుడి, రెండుచోట్ల ఉందేమో వెతకండి.

ఇప్పుడు ఏఐతో పని మరీ తేలికైంది. 2023 మే 28న ఢిల్లీలో రెజ్లర్లను పోలీసులు నిర్బంధించి బస్సులో తీసుకెళ్తుండగా వాళ్లు తీసుకున్న సెల్ఫీలో ఎవరూ నవ్వలేదు. నవ్వు అతికించిన కాపీ గంటల్లో దేశమంతా తిరిగింది. ఇలాంటప్పుడు అసలు ఫొటోను మొదట పెట్టినవాళ్ల పేజీ దాకా వెళ్లడమే ఉత్తమం.

తెలుగువాళ్లకు ఒక మంచి పరీక్ష ఉంది. వెనక ఉన్న బోర్డులు చదవండి. ఏఐ పుట్టించిన చాలా బొమ్మల్లో అక్షరాలు దూరంనుంచి తెలుగులాగే ఉంటాయి, దగ్గరకెళ్తే గుండ్రటి గీతలే, ఒక్క మాటా రాదు. వేళ్లు, చెవులు, చెప్పుల పట్టీలు కూడా చూడండి. ఈ లోపాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి కాబట్టి తప్పు దొరకనంత మాత్రాన నిజమని తేల్చకండి.

2025 వసంతంలో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి గొడవ గుర్తుంది కదా. 400 ఎకరాల భూమి విషయం. బుల్డోజర్లు చెట్లు కూల్చిన మాట నిజం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ రోజుల్లోనే పారిపోతున్న జింకలు, నెమళ్లంటూ ఏఐ బొమ్మలు కూడా పుట్టుకొచ్చాయి. వాటిని పంపినవాళ్లలో చాలామంది అడవి మీద ప్రేమతోనే పంపారు. ఫలితం ఏమైందంటే చర్చ చెట్ల మీద నుంచి బొమ్మల మీదికి మళ్లింది, నిజమైన ఫొటోలు తీసినవాళ్లు కూడా రుజువులు చూపాల్సి వచ్చింది. మనం మంచిదనుకునే పక్షానికి అనుకూలంగా ఉన్న ఫొటోను రెండింతలు జాగ్రత్తగా చూడమని అందుకే పిల్లలకు చెబుతాను.

ఏడో పని: ఈ ఫొటో ఏది చెప్పలేదు?

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్. దాని ఫొటోలు చూడకుండా నల్లగొండ జిల్లాలో ఎవరూ పెరగలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లు, బిగుసుకున్న నడుములు. ఆ ఫొటోలు లేకపోతే మా నీళ్ల గోడు ఢిల్లీదాకా పోయేది కాదు, ఆ మాట నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఫ్లోరైడ్ వల్ల ఒకసారి వంగిన ఎముకలు నీళ్లు మారితే తిరిగి నిటారు కావు. కాబట్టి ఇవాళ తీసిన ఆ ఫొటో చెప్పేది ఆ మనిషి పాతిక, ముప్పై ఏళ్ల కింద తాగిన నీళ్ల గురించి. ఇవాళ్టి నీళ్ల గురించి అది ఏమీ చెప్పదు. ఏమీ మారలేదనేవాళ్లు ఆ ఫొటో చూపిస్తారు, అంతా మారిపోయిందనేవాళ్లు నల్లాలో నీళ్లు పడుతున్న ఫొటో చూపిస్తారు. రెండూ చాలవు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా లేదా అన్న పరీక్ష కాగితం కావాలి, అది ఏ ఫొటోలోనూ కనిపించదు.

ఇలాంటి ఫొటో చూసినప్పుడు ఇంకొకటి అడగండి: ఆ మనిషి పేరుందా? 1936లో కాలిఫోర్నియాలో డొరోథియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచమంతా చూసింది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆమె పేరు 1978 దాకా ఆ ప్రపంచానికి తెలియదు. పాలమూరు లేబర్ బస్టాండుల్లో మూటల మీద కూర్చున్న ఫొటోలు నేనూ పంపాను, 'వలస బతుకులు' అని రాసి. పేర్లు అడగలేదు. ఎక్కడికి పోతున్నారు, ఎన్నాళ్లకు, మేస్త్రీ ఎంత అడ్వాన్స్ ఇచ్చాడు అన్నది ఒక్క మాట అడిగి ఉంటే ఆ రైటప్‌కు విలువ ఉండేది. పేరు లేకుండా, జబ్బో కష్టమో మాత్రమే కనిపించేలా తీసిన ఫొటో దొరికితే, పేపర్‌కు ఫోన్ చేసి అడగండి. జిల్లా ఎడిషన్ ఆఫీసు నంబరు పేపర్లోనే ఉంటుంది. పాఠకులు అడిగితే డెస్క్‌లో తప్పక కదలిక వస్తుంది, అవతలివైపు కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సాధన

మొదటి నెల రోజుకొక ఫొటో చాలు. నోటుపుస్తకంలో తేదీ, రెండు వరుసలు, రైటప్‌లో కెమెరా చూడలేని మాటలు, కెమెరా నిలబడ్డ చోటు. ఇరవై నిమిషాలు పడుతుంది. రెండో నెల వాట్సాప్‌లో వచ్చేవాటి మీద చేయండి, తేలనిదాన్ని 'తేలలేదు' అని రాసి ఎవరికీ పంపకుండా వదిలేయండి. మూడో నెల మీరే ఫొటోగ్రాఫర్ కండి. మీ ఊళ్లో గ్రామసభకు వెళ్లి రెండు ఫొటోలు తీయండి, ఒకటి సభ నిండుగా ఉన్నట్టు, ఒకటి పలచగా ఉన్నట్టు. రెండింటికీ అబద్ధం లేని రైటప్ రాయండి. మా పిల్లలకు ఈ రెండో రైటప్ దగ్గరే గంట పడుతుంది.

చిన్నపిల్లలుంటే ఈ వానాకాలం సాగర్ గేట్లు ఎత్తిన రోజు మొదలుపెట్టండి. ఫోన్‌కు వచ్చిన ఫొటోలన్నీ ముందేసుకుని గేట్లు లెక్కపెట్టించండి.